గోరీ గోడకు కాపలా

కృపాకుమారికి ఆ ఊరి జనమంటే ఒళ్ళు మంట. వాళ్ళను మనుషులనడమే ఎక్కువని ఆమె లెక్క. అనంతపురం కాలేజీలో చరిత్ర చెప్పే ఆమె, మూడేళ్ళుగా సెలవు దొరికితే చాలు, శింగనమల దాటి ఆ ఊరి బయటున్న పాత గోరీ దగ్గర వాలేది. గుమ్మటం సగం కూలిపోయినా రోడ్డు వైపు గోడ నిలిచే ఉంది. దాని నిండా తడి సున్నపు గచ్చులో చేత్తో తీర్చిన తీగలు, దానిమ్మ పూలు, వాటిలో అల్లుకుపోయిన అరబీ అక్షరాలు. బీజాపూరు సుల్తానుల కాలపు పనితనం. అలాంటి గోడకు ఈ మహానుభావులు చేసే మర్యాద ఏమిటంటే, బస్సు దిగగానే దాని మీదే ఉచ్చ పోయడం.

సోమవారం హైదరాబాదు నుంచి పురావస్తు నిపుణుడు వస్తున్నాడు. గోడ చూసి ఆయన ఔనంటే గోరీ దక్కుతుంది. లేదంటే రోడ్డు వెడల్పులో పోతుంది. అందుకని కృపాకుమారి ఇష్టం లేకపోయినా సర్పంచ్ బయ్యన్న గడప తొక్కింది. ఆయన మెడలో వేలెడు లావు గొలుసు, చేతిలో రెండు ఫోన్లు. ఈయనకు గచ్చు నగిషీ గురించి చెప్పడం శుద్ధ దండగ అనుకుంది.

"ఆ గోడను ఎవరూ పాడు చేయకుండా కాపాడండి, చాలు," అని లేచి వచ్చేసింది.

సోమవారం నిపుణుడితో కారు దిగేసరికి గోడ తళతళ మెరుస్తోంది. కింది నుంచి పైదాకా బొమ్మల టైల్స్. వెంకటేశ్వరస్వామి, మక్కా, యేసుప్రభువు, మళ్ళీ వెంకటేశ్వరస్వామి.

"దేవుళ్ళుండే గోడ మీద యా నాకొడుకూ పోయడు మేడమ్," అన్నాడు బయ్యన్న గర్వంగా. "సిమెంటు పట్టల్లని గోడంతా ఉలితో గంట్లు పెట్టిచ్చినా."

నిపుణుడు వెనక్కి తిరిగి కారెక్కి వెళ్ళిపోయాడు.

"కళ్ళు లేవా నీకు? దాని మీద అంత పనితనం కనపడలేదా?" కృపాకుమారి గొంతు చించుకుంది.

బయ్యన్న మొహం చిన్నబోయింది. "పెచ్చులూడిన గార అనుకుంటిమి మేడమ్. మా తాతల కాలం నుంచి ఎవురూ చెప్పల్యా. మూడేండ్లుగా ఈడికి వస్తాండారు, మీరన్నా ఒక్క మాట చెప్పకపోతిరే. చెప్పింటే గోడ కాడ మనిషిని కూచోబెట్టింటా గదా?"

ఇక తిట్టడానికి కృపాకుమారికి తాను తప్ప ఎవరూ మిగల్లేదు.