పేర్చి పెట్టిన సినిమా

అత్తగారికి కాలు విరిగిన దగ్గర్నుంచీ కోడలి ఎడిటింగ్ అంతా భోజనాల బల్ల మీదికి వచ్చి పడింది. ల్యాప్‌టాప్‌కి ఒక పక్క మందుల డబ్బా, ఇంకో పక్క ఆరిన బట్టల గుట్ట. ఆ మధ్యాహ్నం ఆమె దిండు గలేబులు మడతపెడుతూ తెర వంక చూస్తోంది. సినిమాని ఏ ఫార్మాట్‌లో బయటికి తీయాలని అది అడుగుతోంది. చిన్న ఫైలైతే అరగంటలో తయారవుతుంది, ఫోన్లో చూసుకోవడానికి బాగానే ఉంటుంది, ఇంకొకరు దాని మీద పని చేయాలంటే మాత్రం పనికిరాదు. పెద్ద ఫైలైతే డిస్కు నిండిపోతుంది కానీ, తీసిన బొమ్మలో ఏదీ పోదు.

"బటన్ నొక్కితే అయిపోయేదానికి ఇంత ఆలోచన దేనికి? చిన్నది పంపేయ్" అని పొద్దున ఆఫీసుకి వెళ్తూ భర్త సలహా పడేశాడు. ఆయనకి అన్నీ బటన్ నొక్కితే అయిపోయేవే. కుక్కర్, వాషింగ్ మెషీన్, పెళ్ళాం.

అది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళ మీద గంట సినిమా. ఏడు నెలలు, తొంభై గంటల ఫుటేజ్. వాళ్ళలో ఒకామెని "నువ్వెప్పుడు కూర్చుంటావమ్మా?" అని అడిగితే పదకొండు సెకన్లు ఏమీ మాట్లాడదు. సాగదీసినట్టుంది, తీసేయమన్నాడు డైరెక్టర్. కోడలు తీయలేదు. ఆ మౌనం చుట్టూనే మిగతా సినిమా అంతా కట్టింది.

ఆ డైరెక్టర్ ఆమె భర్తకి చదువుకున్నప్పటి స్నేహితుడు. అత్తగారు పడిన వారంలోనే భర్త అతనికి ఫోన్ చేసి, పని ఇంకొకరికి అప్పగించేలా మాట్లాడేసి, ఆ తర్వాత ఆమెకి చెప్పాడు. "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నాడు. ఆ ఎవరో ఒకరు ఎవరో పక్కింటి పిల్లికి కూడా తెలుసు. ఆమె పోట్లాడలేదు. పోట్లాడాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి.

ఫోన్ మోగింది. పని అందుకోబోయే కొత్త ఎడిటర్.

"అక్కా, చిన్న ఫైలు మాత్రం పంపకండక్కా. పిండేసిన నిమ్మచెక్కలా ఉంటుంది. రంగులు సరిచేయబోతే ముఖాలన్నీ మచ్చలు తేలతాయి. పెద్దదే ఇవ్వండి. మాటలు వేరే ఫైలుగా, చప్పుళ్ళు వేరే ఫైలుగా ఇవ్వండి. ప్రతి ముక్కకీ అటూ ఇటూ రెండేసి సెకన్లు ఎక్కువ ఉంచండి."

ఆ రెండేసి సెకన్లు ఎందుకో ఆమెకి తెలుసు. అయినా అడిగింది.

"మళ్ళీ కట్ చేసుకోవాలి కదక్కా. మీరు వరసగా పేర్చి పెట్టారంట, అసలు ఎడిటింగ్ నన్ను చేయమన్నారు. ఆ దుప్పట్లామె మాట్లాడకుండా ఉంటుంది చూడండి, ముందు అది ఎత్తేయమన్నారు."

"పేర్చి పెట్టానని ఎవరు చెప్పారు?"

"డైరెక్టర్ గారే అన్నారక్కా. మీవారు చెప్పారంట. ఇంట్లో ఊసుపోక చేస్తుంది, పేరు కూడా వేయక్కర్లేదు అని. మీకు తెలుసనుకున్నాను. ఏమీ అనుకోకండి."

"నువ్వేం చేస్తావులే. కాసేపాగి నేనే ఫోన్ చేస్తాను" అని పెట్టేసింది.

కోపం రావాల్సినంత రాలేదు. అలసటే వచ్చింది. లోపలి గదిలోంచి అత్తగారు మంచినీళ్ళు అడిగితే ఇచ్చి వచ్చింది. "ఇంకా ఆ బొమ్మలేనా, కాస్త నడుం వాల్చరాదూ" అంది ఆవిడ. నడుం వాలిస్తే సాయంత్రం వంట ఎవరు చేస్తారో మాత్రం చెప్పలేదు. వచ్చి కూర్చుని చిన్న ఫైలు మీద బాణం గుర్తు పెట్టి చాలాసేపు చూసింది. ఇది పంపేస్తే పీడా పోతుంది. మాటలూ చప్పుళ్ళూ అన్నీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి వాడు ఎక్కడా సరిగ్గా కత్తెర పెట్టలేడు, పదకొండు సెకన్లూ క్షేమం. అడిగితే పొరపాటైందంటే సరి, అందరూ నమ్ముతారు. నమ్ముతారు, అదే చిక్కు. ఇంట్లో ఊసుపోక చేసే మనిషికి అంతకన్నా ఏం తెలుస్తుందిలే అంటారు. మొగుడన్న మాటని తన చేత్తోనే నిజం చేసినట్టవుతుంది. పైగా మచ్చలు తేలేది తన ముఖం మీద కాదు, వేడినీళ్ళలో చేతులు నానిపోయిన ఆ ఆడవాళ్ళ ముఖాల మీద. వాళ్ళేం పాపం చేశారు? తనని ఇంత చవగ్గా అప్పగించేసినందుకు ఇప్పుడు ఏడుపొచ్చింది. గలేబుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఉతకాల్సింది తనే.

పెద్ద ఫైలే ఎంచుకుంది. అటూ ఇటూ రెండేసి సెకన్లు ఉంచలేదు. నొక్కి, డైరెక్టర్‌కి ఫోన్ చేసింది. "ఈ సినిమా ఎడిట్ చేసింది నేను. నా పేరుతోనే పూర్తవుతుంది. రేపు పదింటికి స్టూడియోలో మాట్లాడదాం" అంది. అతను "మరి మీవారు..." అంటుంటే, "ఆయన ఎడిటర్ కాదు కదండీ" అంది. తర్వాత కొత్త ఎడిటర్‌కి చెప్పింది: "రంగులు నువ్వు చూడు తమ్ముడూ. కత్తెర నాది."

భర్త వచ్చి, బూట్లు విప్పుతూ అడిగాడు. "పంపేశావా?"

"లేదండీ. డిస్కు తీసుకుని రేపట్నుంచి స్టూడియోకి నేనే వెళ్తున్నాను."