తిరగేసిన మేడ

ఈ ఇంటి పెద్దమ్మాయి ఉన్న ఊరు బూడిదైపోయిందని ఎదురింటి దర్జీ భార్యకు పాలావిడ చెప్పిందట. పాలావిడకు ఎవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి. దర్జీ భార్య ఊరుకునే మనిషా? సూది గుడ్డలోనే గుచ్చి వదిలేసి గడప దాటి వచ్చింది.

"టీవీలో నేనూ చూశాను వదినా. నాలుగంతస్తుల మేడ, పేకముక్కల్లా కూలింది" అని వాళ్ళమ్మ గుండెల మీద బండ వేసి, మళ్ళీ తనే మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

పెద్దమ్మాయి ఇజ్రాయెల్లో ఒక ముసలావిడకు సేవ చేసే పనిలో ఉంది. అక్కడ యుద్ధం మళ్ళీ రాజుకుని రెండు రోజులైంది. ఫోన్ కలవడం లేదు. ఆమె తమ్ముడు వార్తల చానల్లో వీడియోలు కత్తిరిస్తాడు. అందుకే ఇంట్లో వాడి పేరు కత్తెర. అమ్మ కబురు విని, తినబోతున్న అన్నం వదిలేసి వచ్చాడు.

టీవీలో ఇంకో చానల్ మోగుతోంది. కింద ఎర్ర పట్టీలో అక్క ఉన్న ఊరి పేరు. మేడ కూలుతోంది. దుమ్ము లేస్తోంది. మళ్ళీ మేడ నిలబడుతోంది, మళ్ళీ కూలుతోంది. కూలినప్పుడల్లా అమ్మ ఒకసారి చచ్చి బతుకుతోంది.

"అదేనా దాని ఇల్లు?" అని అల్లుణ్ణి, అదే కత్తెర బావను, అడిగింది.

"ఏమో అత్తయ్యా. ఫోటోలో తెల్లగానే ఉండేది." నిన్నటిదాకా అరబ్బులది తప్పా, ఇజ్రాయెల్‌ది తప్పా అని టీ కొట్టు దగ్గర గొంతు చించుకున్న మనిషి, ఇప్పుడు ఫోన్లో అదే నంబరు నొక్కుతున్నాడు.

కత్తెర కళ్ళు మూసుకుందామంటే మూతపడవు. నాలుగోసారి మేడ కూలుతున్నప్పుడు కింది అంగడి బోర్డు కనిపించింది. దాని మీది అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

అది వాడి పనే. పొద్దున వాడి చానల్‌కు కొత్త దృశ్యాలు రాలేదు. "పాతది వెయ్యవోయ్, చూసేవాడికి ఏం తెలుస్తుంది?" అన్నాడు డెస్కు పెద్ద. కత్తెర పోయినేడాది గాజా దృశ్యం తీసి, మూల ఉన్న తేదీ చెరిపి, ఎవరూ గుర్తుపట్టకుండా కుడిని ఎడమ చేశాడు. దాన్ని ఈ చానల్ వాళ్ళు ఎత్తుకుని అక్క ఊరి పేరు తగిలించారు.

చెప్పేద్దామనుకున్నాడు. మేడ పాతదే. మరి అక్క ఫోన్ ఎందుకు కలవడం లేదు?

అప్పుడు మోగింది. అందరికీ వినబడేలా బావ ఫోన్ స్పీకర్ నొక్కాడు.

"బతికే ఉన్నా! నేలమాళిగలో సిగ్నల్ లేదు" అంది అక్క. "మా ముసలావిడ, వంట చేసే అరబ్బావిడ, నేను, ముగ్గురం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని కూర్చున్నాం. అది మీ టీవీల్లో రాదులే. మీకు ఒక పక్కవాళ్ళ ఏడుపు చాలు. రెండో పక్కదీ కనిపిస్తే పోట్లాడుకోవడానికి కుదరదుగా? ఉంటా, మళ్ళీ సైరన్."

ఫోన్ తెగింది. బావ గోడకు జారగిలబడ్డాడు. కత్తెరకు ఒక్కసారిగా నవ్వు తన్నుకొచ్చింది. ఆ ఊపులో దాచుకోవలసిందంతా కక్కేశాడు.

"పిచ్చి అమ్మా, ఆ మేడ అక్క ఊళ్ళోది కాదే! గాజాది, పోయినేడాదిది. నేనే తిరగేశా."

"హమ్మయ్య! అయితే ఎవరికీ ఏం కాలేదన్నమాట" అంది దర్జీ భార్య.

టీవీలో మేడ మళ్ళీ కూలింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కొడుకు వైపు చూసింది.

"అందులో ఉన్నవాళ్ళు పోయినేడే పోయారుగా. వాళ్ళమ్మ చూస్తుంటే కూడా ఇట్లాగే నవ్వుతావురా?"