మెడకెక్కని దారం

మూడో ముఖం మీద దారం పట్టి కొలత చూసుకుని, మెర్షా మళ్ళీ కుంచె అందుకున్నాడు. గోందర్ ఊరి చివర ఉన్న త్రిత్వపు గుడి గోడకు రేపు పండగ వేళకి ఈ బొమ్మ వేసిన గుడ్డ అతికించాలి. నడుమ తండ్రి, చెరోపక్క కుమారుడు, పరిశుద్ధాత్మ. ముగ్గురూ ముసలివాళ్ళే, ఒకే పోలిక. మా వైపు అలాగే వేస్తారు.

మెర్షా వేళ్ళు ఈమధ్య కొంకర్లు పోతున్నాయి. పొద్దుటినుంచి గుండెలో ఏదో పట్టేసినట్టుంది. ఆ సంగతి భార్య యెషికి చెప్పలేదు, చెబితే పని ఆపించేస్తుంది. కొలతకు వాడేది నీలం పట్టుదారం, బాప్తిస్మంనాడు పసివాడి మెడలో కట్టేది. కొడుకు గెత్‌నెత్ కోసం కొన్నాడు. బాప్తిస్మం ఇంకా వారం ఉందనగా పిల్లాడు పోయాడు. దారం రంగుల సంచిలో ఉండిపోయింది. మళ్ళీ పిల్లలు కలగలేదు. మా పేటలో పెళ్ళై పిల్లలున్న మగవాణ్ణి ఫలానావాడి నాన్న అంటారు. జుట్టు నెరిసినా మెర్షాను మాత్రం రంగులాయన అనే అన్నారు. పైకి నవ్వేవాడు గానీ, ఆ పిలుపు విన్నప్పుడల్లా అతనికి కష్టంగానే ఉండేది.

పొద్దెక్కాక గుడి అయ్యగారు వచ్చి బొమ్మను చాలాసేపు చూశాడు. తండ్రి గడ్డం ఒక్కటే ఎక్కువ తెల్లగా ఉందన్నాడు. తండ్రన్నాక కాస్త పెద్దవాడిలా కనబడొద్దా అని మెర్షా గొణిగాడు. ముగ్గురిలో ఒకరిని పెద్దగా వెయ్యడం, ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని తప్పు అది.

"ఏం రంగులాయనా, ఆయన ముందొచ్చి కూర్చుని, తర్వాత తీరిగ్గా కొడుకును కన్నాడా? కొడుకు లేని రోజు ఒక్కటున్నా, ఆ రోజున ఆయన తండ్రెలా అవుతాడు?" అని నవ్వాడు అయ్యగారు.

మెర్షా కుంచె కేసి చూస్తూ అడిగాడు. "మరి కొడుకు పోతేనో, అయ్యగారూ?"

అయ్యగారి నవ్వు ఆగిపోయింది. "అక్కడ ఆ బంధానికి మొదలూ లేదు, తుదీ లేదు. తండ్రి అన్న తన పేరులోంచే నీకూ ఆ పేరిచ్చాడు. ఇచ్చిన పేరు వెనక్కి తీసుకునే రకం కాదాయన."

గడప దగ్గర కాఫీ గింజలు వేయిస్తున్న యెషి తలెత్తలేదు. చేతిలో గరిటె మాత్రం ఆగింది.

అయ్యగారు వెళ్ళాక మెర్షా తెలుపు కలిపి మిగతా రెండు గడ్డాలకూ పూయసాగాడు.

"గెత్‌నెత్ నాన్నా, కాఫీ చల్లారిపోతోంది."

పిల్లాడు పోయాక ఆమె అలా పిలవడం అదే మొదలు. మెర్షా వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపొస్తుందని అతనికి తెలుసు.

"వస్తున్నానే," అన్నాడు.

వచ్చి తాగాడు. ఇంత కమ్మగా ఎప్పుడూ కాచలేదన్నాడు. కుమారుడి గడ్డం ఒక్కసారి కొలిచి వస్తానని మళ్ళీ బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. యెషి రెండో వాయి కాచి తీసుకెళ్ళేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కళ్ళు బొమ్మ మీదే. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గిన్నె కింద పెట్టి, పక్కనే కూర్చుని, అతని చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. చాలాసేపు ఎవర్నీ పిలవలేదు.

మూడు గడ్డాలూ ఒకే తెలుపు. నీలం దారం కుమారుడి మెడ దగ్గర, ఇంకా ఆరని రంగుకు అంటుకుని ఉంది.