మూడు నెలలుగా రాని డో మ్యా

రంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్‌లో తెలుగు సంఘం నడిపే ఉచిత ఆసుపత్రిలో కంప్యూటర్ పని కన్నారావుది. అక్కడి తెలుగువాళ్లకు ప్రభుత్వ గుర్తింపు కార్డులో ఒక బర్మా పేరు, ఇంట్లో ఒక తెలుగు పేరు ఉండటం తాతలనాటి అలవాటు. మందులు పంపే కేంద్రం కార్డులోని పేరే రాయమంది. ఇంటింటికీ తిరిగే ప్రాంతీయ ఆరోగ్య శాఖ వీధిలో పిలిచే పేరు రాయమంది. కన్నారావు ఇద్దరినీ మెప్పించాడు. ఒకే ట్యాబ్లెట్‌లో రెండు జాబితాలు పెట్టి, నాలుగు పేజీల ప్రణాళిక రాసి, చప్పట్లు కొట్టించుకున్నాడు. రెండింటినీ కలపడం ఎలాగో మాత్రం రాయడం మరిచాడు మహానుభావుడు.

ఇప్పుడు నది అవతలి దలా ఊళ్లోని డో మ్యా అనే షుగర్ రోగి మూడు నెలలుగా రావడం లేదని ట్యాబ్లెట్ ఎర్రగా చూపిస్తోంది. సాయంత్రంలోగా ఆమె జాడ తెలియకపోతే పేరు కొట్టేసి, ఆమె మందుల పొట్లం వెనక్కి పంపాలి. కేంద్రం జాబితాలో ఊరే గాని వీధి ఉండదు. కన్నారావు పొద్దున్నే నది దాటి వెళ్లి, ఇరవై ఇళ్లు తిరిగి, ఉసూరుమంటూ వచ్చాడు.

ఆసుపత్రి బెంచీ మీద అతని అత్తగారు అచ్చమ్మ కూర్చుని ఉంది. ఆమెదీ దలాయే, ఆమెదీ షుగరే. అచ్చమ్మ పేరున పొట్లం రాకపోవడంతో ఇన్నాళ్లూ పాత నిల్వలోంచి మాత్రలిచ్చిన నర్సు మల్లిక, ఇవాళ అవీ అయిపోయాయని చెప్పింది.

"ఎండలో ఎటెల్లావు బాబూ?"

"మీ దలాకే అత్తా. డో మ్యా అని ఒక మొండి మనిసి. మందులట్టుకెల్లదు, కబురెట్టదు. నీకు తెలుసేటి?"

అచ్చమ్మ సంచి ఒళ్లోకి లాక్కుంది.

"తెలుసు. మొండిదే. దాని కూతుర్ని ఓ కంప్యూటర్ కుర్రోడికిచ్చింది. పన్నెండేల్లయినా ఆడు అత్త పేరేటని అడగలేదు."

సంచిలోంచి తన కార్డు తీసి ట్యాబ్లెట్ మీద పెట్టింది. అందులో పేరు డో మ్యా. మల్లిక నవ్వాపుకోలేక అటు తిరిగింది. కన్నారావుకు సిగ్గేసింది. పెళ్లి కాగితం మీద ఆ పేరు కిందే తను సంతకం చేశాడు.

"తప్పు నాదే అత్తా," అని రెండు పేర్లనూ తన చేత్తోనే కలిపాడు. ఎరుపు పోయింది. మల్లిక పొట్లం తెచ్చిచ్చింది.

అచ్చమ్మ పొట్లం సంచిలో వేసుకుని లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"ఇంతకీ నీ కార్డులో పేరేటి బాబూ? నానూ ఎప్పుడూ అడగలేదు."