నల్ల అంచు పోస్టరు

ఊళ్లో చలికాలం నిలవకి ఎర్ర మిరపకాయలు కాల్చే రోజులు. వీధి వీధికీ పొయ్యి, ఇంటింటికీ బస్తాలు. అలాంటప్పుడు వికలాంగుల అవగాహన వారోత్సవం అంటే ఎవరికి పట్టింది?

రంపపు మిల్లు తొమ్మిదేళ్ల కిందట గ్రోజ్దాన్ కాళ్లు తీసుకుంది గానీ చేతుల్లోని వడ్రంగాన్ని తీసుకోలేదు. వారోత్సవానికి అతను కోరింది ఒక్కటే: ఇరవై దుకాణాల మెట్ల మీద చక్రాల కుర్చీ ఎక్కేలా చెక్క వాలుబల్లలు వేయాలి. ఇరవైమంది దుకాణదారులు శుక్రవారంలోగా సంతకం పెడితేనే అనుమతి అని మునిసిపాలిటీ మెలిక పెట్టింది. బుధవారానికి మూడు వచ్చాయి. మిగతావాళ్లందరిదీ ఒకటే పాట: "పొయ్యి మీద మిరపకాయలున్నాయి, తర్వాత చూద్దాంలే." ఆ తర్వాత ఎప్పుడూ రాదని అతనికి తెలుసు. తొమ్మిదేళ్లుగా వేలికా రొట్టెల దుకాణం బయటే ఆగి, ఆమె చేతికిచ్చిన సంచి పట్టుకుని వెనక్కి వస్తున్నాడు.

"పోస్టరు వేయిస్తున్నానన్నా," అంది వికలాంగుల సంఘం కార్యదర్శి జ్లాతినా. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. "నీ ఫోటో పెద్దగా పెట్టమన్నాను. రాత్రికల్లా అంటించేస్తానన్నాడు మించో."

మించోది ఊళ్లో ఉన్న ఒక్క అచ్చుకొట్టు. పెళ్లి శుభలేఖలు జనం పట్నంలో వేయించుకుంటారు, అతనికి మిగిలింది చావు కబుర్లే. ఆ ఊళ్లో మనిషి పోతే ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ వేసి, నల్ల అంచుతో కాగితం అచ్చేసి గోడలకీ స్తంభాలకీ అంటిస్తారు. చేతి అలవాటు కొద్దీ మించో ఈ పోస్టరు చుట్టూ కూడా నల్ల అంచు వేశాడు. మధ్యలో సూటు వేసుకున్న గ్రోజ్దాన్. కింద రెండు తేదీలు, వారోత్సవం మొదలూ ముగింపూ.

గురువారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. గ్రోజ్దాన్ తీశాడు. ఎదురుగా వేలికా, ఒక చేతిలో పోయినవాళ్ల పేరున పంచే ఉడికించిన గోధుమలు, ఇంకో చేతిలో పూలు.

"ఓరి దేవుడో!"

"నేనింకా పోలేదు వేలికా. ఆ పళ్లెం ఇటివ్వు, ఆకలేస్తోంది."

ఆమె ఏడ్చింది, నవ్వింది, ఆ పూలతోనే అతన్ని నాలుగు బాదింది. వెనకే మంగలి, మందుల షాపాయన, మాంసం కొట్టు దంపతులు. గంటలో వాకిలి నిండిపోయింది.

"ఎంత మంచివాడో అనుకుంటూ వచ్చాను," అన్నాడు మంగలి.

"మొన్న మొరటు వెధవ అన్నావుగా?"

"చచ్చావని క్షమించానురా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా."

సంగతి విని వచ్చిన జ్లాతినా నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడింది.

"మించోని పిలవండి, చంపేస్తాను," అన్నాడు గ్రోజ్దాన్.

"వద్దన్నా. వాడు పోతే వాడి కాగితం అచ్చేసే దిక్కుండదు!" అంటూ ఆమె సంచిలోంచి సంతకాల జాబితా తీసింది. "ఇంత దుఃఖపడ్డారుగా, ఒక్కొక్కరూ ఇక్కడ సంతకం పెట్టి వెళ్లండి."

మిరపకాయల మాట ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నానికి, దుకాణాలు లేనివాళ్లు పెట్టినవీ కలిపి, ఇరవై ఆరు సంతకాలు. మునిసిపాలిటీ గుమస్తా కూడా గోడ మీద ఆ పోస్టరు చూసినవాడే, కళ్లు తుడుచుకుంటూ ముద్ర కొట్టేశాడు.

"ఇక వచ్చే వారం మొదలుపెడదాం," అన్నాడు మందుల షాపాయన.

"వచ్చే వారం కాదు, ఇప్పుడే సుత్తులు తెండి," అన్నాడు గ్రోజ్దాన్. "నేను పోయానన్న బాధ ఇవాళ ఉంది, రేపటికి ఉండదు."

మొదటి బల్ల వేలికా దుకాణానికే బిగించారు. గ్రోజ్దాన్ తనంతట తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికెళ్లాడు. అద్దాల వెనక ఎన్ని రకాలో! జున్ను పెట్టి పొరలుగా కాల్చిన బానిత్సలు, గుమ్మడి బానిత్సలు, నువ్వుల రింగులు, పేరు తెలియనివి ఇంకో పది.

"ఏం కావాలి?" అంది వేలికా.

"ఆగు, చూడనీ."

అతని వెనక వరస పెరిగింది.

"ఏమయ్యా గ్రోజ్దాన్, తేల్చవేం? ఇక్కడే కాపురం పెడతావా?" వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు.

గ్రోజ్దాన్ నవ్వాడు. తీరిగ్గా రెండో అరలోకి చూడసాగాడు.