అడ్డుపుల్ల సరేనన్న రోజు

కర్సర్‌ని ఒక వరుస కిందికి దింపి, తెరకు ఆనించి పట్టుకున్న ప్లాస్టిక్ స్కేలును కూడా అంతే కిందికి జరిపాడు అడ్డుపుల్ల. పెదవులు కదులుతున్నాయి. చదివేటప్పుడు లోలోపల గొణుక్కోవడం చిన్నప్పటి అలవాటు. నెత్తిన జుట్టు పోయినా అది పోలేదు. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. ఎడమ మోచేయి ఏళ్ళ తరబడి ఒకేచోట ఆనడంతో బల్లకు అక్కడ రంగు లేచిపోయి లోపలి చెక్క కనిపిస్తోంది.

అతనికి అసలు పేరు ఉంది గాని ఆఫీసులో ఎవరి నోటా అది రాదు. పూర్తయిన ప్రతి పనికీ చివర్లో అడ్డుపుల్ల వేస్తాడని ఎవరో పెట్టిన పేరే స్థిరపడింది. ఆ సంగతి తెలిసిన రోజున భార్య పడీపడీ నవ్వి, అప్పట్నుంచి "మా అడ్డుపుల్లగారు" అనే అనడం మొదలుపెట్టింది.

కంప్యూటరు ప్రాసెసర్ లోపల చిన్న చిన్న కౌంటర్లు ఉంటాయి. ఏ ప్రోగ్రాము ఎంత పని చేసింది, ఎంతసేపు మెమరీ కోసం ఎదురుచూస్తూ ఊరికే నిలబడింది, అవి లెక్కపెడతాయి. ఆ లెక్కలు చదివే కోడు కెర్నల్లో, అంటే కంప్యూటరును నడిపే అడుగుపొరలో, ఉంటుంది. ఆ కోడును ఎవరు మార్చినా ఇతను చదివి సరేననాలి. రాసినవాళ్ళ పేరు పైన ఉంటుంది. చదివినవాడి పేరు అడుగున, ఎవరి చూపూ పోని చోట. అతను ఆపిన తప్పులేవో ఎవరికీ తెలియదు. జరగని ప్రమాదానికి ఎవరు దండ వేస్తారు?

ఉదయం బయల్దేరుతుంటే భార్య మంచం మీంచి చెయ్యి కదిపి పిలిచింది. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి చాలాకాలమైంది. మాట గుక్కలు గుక్కలుగా వస్తుంది.

"ఇవాళ వెలుతురుండగా రండి."

"ఏం, ఏమైనా పనుందా?"

"పనుంటేనే రావాలా?"

సరేనన్నాడు. ఆవిడ నమ్మలేదు.

"ఆఫీసులో మీ చేత సరే అనిపించుకోవడానికి ఏడుస్తారట. నాకు మాత్రం అడగ్గానే ఇచ్చేస్తారు. నిలబెట్టుకునేది లేదుగా."

నవ్వబోతే దగ్గొచ్చింది. ఆవిడను చూసుకోవడానికి ఆమె చెల్లెలు వచ్చి ఉంది కాబట్టి అతను బస్సు అందుకున్నాడు. ఆఫీసులో కూర్చోగానే, రోజూలాగే, ఫోను నోరు నొక్కి సొరుగులో పడేశాడు. చదివేటప్పుడు అది కంటికి కూడా కనపడకూడదు.

ఇప్పుడు స్కేలు ఒక వరుస దగ్గర ఆగిపోయింది. ఆ వరుసను మూడుసార్లు గొణుక్కున్నాడు. తర్వాత ఎదుటి బల్ల దగ్గరున్న ప్రోగ్రామర్ని పిలిచాడు. ఆ మార్పు రాసింది ఆమే. కుర్చీతో సహా జరిగి వచ్చింది.

"ఒక ప్రోగ్రాము ఆగి ఇంకోటి మొదలయ్యే ముందు కౌంటరు చదివేసి సున్నా చెయ్యాలి కదమ్మా. నువ్వు ఆ పనిని రెండోది మొదలయ్యాక చేయిస్తున్నావు."

"వేగం కోసం సార్. బాగా పెరిగింది కూడా."

"పెరిగింది. కాని ఆ సందులో ఆగినవాడి లెక్క వచ్చినవాడి ఖాతాలో పడుతుంది."

"ఎప్పుడో ఒకసారి సార్."

"ఎప్పుడో ఒకసారంటే, పడుతుందనేగా?"

ఆమె కళ్ళు నులుముకుంది. అతను చెప్పాడని ఈ మార్పును ఇప్పటికే ఎన్నోసార్లు తిరగరాసింది. కళ్ళ కింద నల్లబడింది.

"ఒకటడుగుతాను సార్, ఏమనుకోకండి. మీరు ఎప్పుడైనా, దేన్నైనా, బాగుందన్నారా?"

గుర్తు తెచ్చుకోబోయాడు. పెళ్ళైన కొత్తలో భార్య కుట్టిన కిటికీ తెర గుర్తొచ్చింది. ఎంతో మురిసిపోతూ చూపిస్తే, అంచు ఒక పక్క దిగిందన్నాడు. దిగిన మాట నిజమే. ఆవిడ ఆ కుట్టు విప్పేసింది. మళ్ళీ సూది పట్టలేదు. స్కేలు తీసుకుని తెరవైపు తిరిగాడు.

మధ్యాహ్నం దాటాక మేనేజరు వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. ఒకప్పుడు ఇతని పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడే.

"గురువుగారూ, ఇది ఇవాళ వెళ్ళిపోవాలి."

"తప్పుంది."

"వచ్చే విడతలో దిద్దుదాం."

"వచ్చే విడతలో దిద్దుదామన్నది ఒక్కటైనా దిద్దామా?"

మేనేజరు నిట్టూర్చాడు. "సరే, సాయంత్రం అందర్నీ కూర్చోబెడతాను. మీ అభ్యంతరం వాళ్ళ ముందే చెప్పండి. తేలేదాకా ఎవరం కదలొద్దు."

ఇంకో రోజైతే అతనికి కావలసింది అదే. ఎన్ని సాయంత్రాలు అలా కూర్చోలేదు? ఎన్నిసార్లు గెలవలేదు? కిటికీలోంచి చూశాడు. ఎదుటి మేడ గోడ మీద ఎండ ఇంకా ఉంది. వెలుతురుండగా రండి అంది.

వేళ్ళు కీబోర్డు మీద కాసేపు ఊరికే నిలబడ్డాయి. తర్వాత టైపు చేశాడు: చదివాను, సమ్మతమే. కింద తన పేరు. అసలు పేరు. మీట నొక్కాక నోట్లో మన్ను పడ్డట్టయింది.

"అడ్డుపుల్ల తీసేశారే," అన్నాడు మేనేజరు, వెంటనే నాలిక కరుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ ప్రోగ్రామర్ మాత్రం నవ్వలేదు. తల వంచుకుని తెర చూస్తోంది. తప్పుందని ఆమెకూ తెలుసు.

సొరుగులోంచి ఫోను తీసి, చూడకుండానే జేబులో వేసుకుని బస్సు కోసం పరుగెత్తాడు. దారంతా భార్యకు ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. ఇదిగో, నీకోసం తెలిసి తెలిసీ తప్పుకి సరేనన్నాను, ఇక నన్ను ఏ పేరుతో పిలుస్తావో పిలువు. ఆవిడ నవ్వుతుంది. నవ్వితే దగ్గొస్తుంది. నీళ్ళు పట్టాలి.

వీధి మలుపు తిరిగేసరికి ఎండ డాబాల మీద ఉంది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మరదలు గడప మీద కూర్చుని ఉంది. ముఖం ఉబ్బిపోయింది.

"ఎన్నిసార్లు ఫోన్ చేశాను బావగారూ. మీ ఆఫీసు నంబరు నా దగ్గర లేదాయె."

ఫోను తీశాడు. తెర నిండా మరదలి పేరే.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నానికి ముందే. నీళ్ళు తెచ్చేలోపు. పక్కింటాయన డాక్టర్ని తీసుకొచ్చాడు. ఆయనొచ్చి చెయ్యి పట్టుకుని చూసి, వదిలేశాడు."

అంటే, 'ఎప్పుడో ఒకసారంటే, పడుతుందనేగా' అని తను ప్రోగ్రామర్‌తో అంటున్నప్పుడు. ఆ తర్వాత ఇచ్చిన సమ్మతి ఎవరికోసం ఇచ్చాడో, ఆ మనిషి అప్పటికే లేదు.

లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు, ఒక్క వాక్యం రాస్తే చాలునన్న ఆలోచన వచ్చింది. ఇక్కడ, ఆవిడ ముఖం చూస్తూ అది వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. మెసేజ్ వచ్చి చేతిలో ఫోను వణికింది. మేనేజరు.

"వెళ్ళిపోయింది గురువుగారూ. థాంక్స్."

దాన్ని గొణుక్కుంటూ మళ్ళీ మళ్ళీ చదివాడు.

మరదలు వెనకాల వచ్చి నిలబడి మంచం కిందికి చూపించింది.

"మీరటు వెళ్ళగానే వాటిని అటక మీంచి నాచేత తీయించింది. సాయంత్రం మీ చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తానంది. డాక్టరు వద్దన్నాడు కదే అంటే, 'ఆయనా ఏదో వంక పెడతారు, అయినా అడుగుతా' అంది."

మంచం కింద, తడిగుడ్డతో తుడిచిన ఆవిడ చెప్పులు గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి. వంగే ఓపిక లేని మనిషి కాళ్ళు తిన్నగా దూరేలా, రెండింటి పట్టీలూ ముందే విప్పి ఉన్నాయి.