రాణి పెట్టిన గుర్తు

దాలయ్య కొడుకుని వ్యాను ఎక్కించి కోటబొమ్మాళి ప్రైవేటు బడికి పంపేవాడు. కూతుర్ని ఊళ్లోని సర్కారు హైస్కూల్లో వేశాడు. ఇద్దరికీ ఫీజులు కట్టే స్తోమత లేదు, మగపిల్లాడు పైకొస్తే చాలనుకున్నాడు. ఎనిమిదో తరగతి రాణి ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. తొమ్మిదో తరగతి వెంకీ ఇంగ్లీషు గడగడా చదువుతుంటే తల్లి తవిటమ్మ నెత్తిమీది చేపల గంప దించి మరీ వినేది.

డిసెంబరులో దాలయ్య తన బోటుకి జీపీఎస్ కొన్నాడు. సముద్రంలో దారి చూపే సెల్‌ఫోనంత మిషను, దాంతోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం. ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని కొడుకుని పిలిచాడు.

"సదవరా, ఏటి రాసినారో ఇందాం."

వెంకీ పేజీడు తడబడకుండా చదివాడు. ఇరుగుపొరుగు వచ్చి నిలబడ్డారు. దాలయ్య మొహం వెలిగిపోయింది.

"బాగున్నాది. ఇప్పుడు దీంతో ఏటి సెయ్యాలో సెప్పు."

వెంకీ మళ్లీ మొదటినుంచి చదివాడు.

"అది కాదురా. అర్తం సెప్పు."

వెంకీ చెవులు ఎర్రబడ్డాయి. "అర్తాలు మా సారు రాయిస్తారు నానా. ఇది రాయించనేదు."

పక్కింటి సోములు కిసుక్కున నవ్వాడు. వాకిట్లో గిన్నెలు తోముతున్న రాణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నియ్యా, ఆ పెద్ద మాట ఇంకోసారి సదువు."

"వేపాయింట్."

"వే అంటే దారి. పాయింట్ అంటే సుక్క. దారిలో మనం గురుతెట్టుకునే సుక్క కాబోలు!" రాణి పుస్తకంలోని బొమ్మ మీద వేలు పెట్టింది. "ఈ అంకెలు అక్షాంశం, రేఖాంశం. మా కుమారి టీచర్ బడి మైదానంలో సున్నంతో గీతలు గీసి, ఒక్కొక్కరికీ రెండేసి అంకెలిచ్చి, మీ సోటు ఎతుక్కోండి అన్నాది. నేను రెండుసార్లు తప్పు సోట నిలబడ్డాను. ఎందుకు తప్పిందో నా సేతే సెప్పించింది."

వెంకీ చదువుతుంటే రాణి అడుగుతూ పోయింది. తెలియని మాటలు బడి నుంచి తెచ్చుకున్న డిక్షనరీలో వెతికింది. సాయంత్రానికి అందరూ ఒడ్డుకి చేరారు. బోట్లు లాగే చోట నిలబడి, రాణి మిషనులో ఆ చోటుకి 'ఇల్లు' అని పేరు పెట్టింది. తండ్రిని సరుగుడు తోట దాకా నడిపించి, "ఇప్పుడు ఒడ్డు సూడకు నానా, మిషనులో బాణం గురుతే సూసుకుంటూ రా" అంది. దాలయ్య తల వంచుకుని నడిచి, సరిగ్గా తన బోటు ముందు ఆగాడు.

వారం తిరక్కుండానే, బోట్లు తిరిగొచ్చే వేళకి సముద్రం మీద పొగమంచు కమ్మేసింది. పక్క మనిషి కనిపించడు. గంపలు పట్టుకుని ఆడవాళ్లు ఒడ్డున నిలబడిపోయారు. ఇంజన్ల చప్పుడు ఎటునుంచో వచ్చి ఎటో పోతోంది. తవిటమ్మ రాణి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ గురుతు నువ్వు సరిగ్గానే ఎట్టినావు కదే?"

"ఎట్టినానమ్మా" అంది రాణి.

కాసేపటికి మంచులోంచి ఒక బోటు ముక్కు నేరుగా వాళ్లముందుకి దూసుకొచ్చింది. దాని వెనకే, దాలయ్య కేకలు పట్టుకుని వచ్చిన సోములు బోటు, మరో మూడు. దాలయ్య మోకాటి లోతు నీళ్లలోకి దూకి పరిగెత్తుకొచ్చాడు.

"ఒసే రాణీ! నువ్వు సెప్పిన కాడికే వచ్చినామే!" కూతుర్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఒడ్డంతా ఈలలు, కేకలు. తడిసిన బట్టలతోనే ఊరంతా ఊరేగించాడు.

ఇంటికొచ్చాక వెంకీ తలుపు దగ్గర నిలబడి అన్నాడు. "నాకు జవాబులొచ్చు నానా. పెశ్న మారితేనే బయ్యం. నన్నూ సెల్లి బడిలో ఎయ్యి."

దాలయ్య కూతురివైపు చూసి, "నిన్నే తక్కువ బడికి పంపుతున్నాననుకున్నానే తల్లీ" అన్నాడు.

జూన్‌లో వెంకీ పదో తరగతికి ఊరి హైస్కూల్లో చేరాడు. కుమారి టీచర్ అతన్ని నిలబెట్టి ఇంగ్లీషు పాఠం చదివించింది. "ఇంత బాగా చదివేవాడు మా బడిలో లేడు. నువ్వు మాకు చదవడం నేర్పు, మేం నీకు అడగడం నేర్పుతాం" అంది.

మొదటివారమే వెంకీ లెక్కల క్లాసులో చెయ్యెత్తాడు. "సార్, అలాగే ఎందుకు సెయ్యాలి?"

ఆ సాయంత్రం తవిటమ్మ చేపల బేరం మధ్యలో వీధంతా వినపడేలా చెప్పింది: "మావోడు ఇవాళ సారునే అడిగినాడు!"